వెనక నుంచి పొడిచే మేక

జనవరి 28

ఇవాళ అత్త మా అన్న ఎద్దును చంపింది.

అత్తంటే అత్త కాదు, ఆడసింహం. మెడకు విశ్వవిద్యాలయం వాళ్ళ పట్టీ ఉంది. పట్టీ వేసిన సింహానికి దాని వెంట తిరిగే కాపలావాళ్ళే పేరు పెట్టాలని ఆ విశ్వవిద్యాలయం డాక్టర్ ముంబువా అన్నప్పుడు నేను ‘అత్త’ అని పెట్టాను. మా సంబూరు తెగలో అల్లుడు అత్తగారి మొహం చూడకూడదు. ఆమె దారిలో ఎదురైతే పొదలో దూరాలి. పాతికేళ్ళుగా దూరుతున్నాను, ఒంట్లో ఇంకా ముళ్ళున్నాయి. అందుకే ఇప్పుడు రోజూ పొద్దున్నే పల్లెపల్లెకూ ఫోన్ చేసి అరుస్తున్నాను: "అత్త కొండకింద పడుకుంది, గొడ్లను అటు తోలకండి!" మా ఆవిడ నబికి నాతో సరిగా మాట్లాడి ఏడాదైంది.

ఎద్దును మేతలో ఉండగానే పట్టింది. మేం వెళ్ళేసరికి పొట్ట చీల్చి పేగులు ముళ్ళపొద దాకా ఈడ్చింది. ఎద్దు కన్ను ఇంకా తడిగానే ఉంది. అత్త మూతంతా నెత్తురు, పక్కనే పడుకుని రొప్పుతోంది. మా అన్న కొడుకు సైదిము, వాడి తోటి మొరాన్లు, పెళ్ళికాని పడుచు యోధులు, ఎర్రమట్టి పూసుకుని, బల్లేలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. నేనూ ఎసెకోనూ అడ్డం నిలబడ్డాం.

ఎసెకోన్ నా జంట. వాగవతలి తుర్కానా తెగవాడు. పళ్ళు తోముకునే చెట్టు పేరు పెట్టుకున్నాడు, ముందు పళ్ళేమో లేవు. ఇవతల ఒకడు, అవతల ఒకడు జంటగా సింహాల వెంట తిరగాలన్నది విశ్వవిద్యాలయం వాళ్ళ ఆలోచన. సింహాన్ని ఎవరూ చంపకుండా ఉంటే అవతలి గట్టు గడ్డి మా గొడ్లకు, ఇవతలి చెలమల నీళ్ళు వాళ్ళ గొడ్లకు. సింహం చచ్చిందా, ఒప్పందం చచ్చినట్టే.

"తప్పుకో చిన్నాన్నా," అన్నాడు సైదిము.

"తప్పుకుంటే మీ నాన్న ఎద్దు లేచొస్తుందేంట్రా?"

"మాకంటే ఆ సింహమే నీకు చుట్టమా?"

"అత్త కదరా మరి!"

బల్లేలెత్తిన వాళ్ళలో ఇద్దరు ఫక్కుమన్నారు. సైదిము నవ్వలేదు. నన్ను కొట్టలేడు. వాళ్ళను మొరాన్ల జట్టుగా కట్టిన రోజున నిప్పుకర్రతో నిప్పు రాజేసింది మా ఈడువాళ్ళమే, మేం శపిస్తే వాళ్ళకు తగులుతుంది. అందుకని దుడ్డుకర్ర తిప్పి ఎసెకోన్ మూతి మీద కొట్టాడు. మళ్ళీ ఎత్తాడు. గడ్డి పీకి చూపినవాడి మీద చెయ్యెత్తకూడదు, కానీ ఈ కరువులో గడ్డెక్కడిది? చచ్చిన ఎద్దు నోట్లో నమలని పరకలున్నాయి. అవే లాగి పైకెత్తాను. సైదిము కర్ర దించాడు.

ఎసెకోన్ నెత్తురు ఉమ్మేసి, "కొట్టాల్సిన చోట ఏమీ లేదురా అబ్బాయ్, నీ శ్రమ వృథా," అన్నాడు.

జనవరి 30

అట్ట మీద ‘లెతిపిలా’ అని నా పేరు వేసి, పాదముద్రలు రాసుకోమని ఇచ్చిన పుస్తకం వెనక పేజీల్లో ఇది రాస్తున్నాను. ముంబువా చూస్తే తిడుతుంది. చూడనివ్వను.

ఇవాళ రెండు గట్ల వాళ్ళనీ కూర్చోబెట్టింది. పాత రోజుల్లోలాగా ప్రతి జంటా జీవం ఇచ్చిపుచ్చుకోవాలని. ఈసారి మేం ఇవ్వాలి, వానల తర్వాత వాళ్ళు. ఎద్దు ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళు ఒకరినొకరు ఎద్దు పేరుతో పిలుచుకుంటారు, గొర్రె అయితే గొర్రె పేరుతో. ఆ తర్వాత తల్లి పెట్టిన పేరుతో పిలవడం మర్యాద కాదు. మేక ఇచ్చుకున్నవాళ్ళు ఒకరికొకరు ‘పకినె’. పకినెను చంపినవాడు సొంత ఇంట్లో చంపినట్టే.

అందరూ కొవ్విన జీవాలను తెచ్చారు. నేను మా మందలో ఉన్న రాక్షసిని తోలుకెళ్ళాను. ఎడమ చెవి చిరిగింది, మూడేళ్ళుగా ఈనలేదు, మనిషి వీపు తిప్పితే చాలు పొడుస్తుంది. ఎసెకోన్ దాన్ని పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశాడు. వీపు నిమిరాడు, దీవెనగా ఉమ్మాడు. పెద్దలకు దండం పెట్టడానికి అటు తిరిగాడో లేదో, వెనక నుంచి ఒక్క పోటు! వాగవతలి పెద్దల ఒళ్ళో బోర్లా పడ్డాడు. రెండు గట్లూ ఒకేసారి నవ్వడం నా జీవితంలో ఇదే చూడడం. సైదిముకి కళ్ళ నీళ్ళొచ్చాయి. మా అన్న పొట్ట పట్టుకున్నాడు. ముంబువా కూడా నవ్వుతూనే ఏదో రాసుకుంది.

"ఇచ్చానా పాడా! వదిలించుకున్నాను. పరాచికం రా, ఉత్త పరాచికం!" అని మంట చుట్టూ కూర్చున్నవాళ్ళందరికీ చెప్పాను. మా అన్న మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు.

ఎసెకోన్ మాత్రం బట్టలు దులుపుకొని వచ్చి, "పరాచికంగా ఇచ్చినా నాలుగు కాళ్ళున్నాయి కదా, మేక మేకే. దాని మొదటి పిల్ల నీకు, పకినె," అన్నాడు.

"గొడ్డుదిరా అది."

"మీ దగ్గర గొడ్డుది. మా దగ్గర పోతులు వేరు."

ఫిబ్రవరి 11

చెలమల్లో నీళ్ళు అడుగంటాయి. పకినె ఫోన్ చేశాడు. మేక వాళ్ళావిడను పొయ్యిలోకి తోసిందట. పాత సింహం పట్టీ ముక్క కోసి దాని మెడకు కట్టాడట, కాస్త గౌరవంగా ఉంటుందేమోనని. ఉండలేదట.

మార్చి 3

అన్న పోయాడు.

మార్చి 4

పోయినవాళ్ళ పేరు మేం పలకం. రాయను కూడా.

అత్త నిన్న కొండ మీద ఉంది. నేనూ ఎసెకోనూ రేడియో గొట్టంతో పట్టీ చప్పుడు విన్నాం, అందరికీ చెప్పాం: "ఇవాళ కొండ వద్దు, వాగు మలుపుకు తోలండి." అందరి గొడ్లూ మలుపుకే వెళ్ళాయి. వాళ్ళూ అక్కడికే వచ్చారు. వాగవతలివాళ్ళే. తుపాకులతో.

నేను వెళ్ళేసరికి అన్న చెలమలో ఉన్నాడు. నీళ్ళు తోడుతుండగా పొట్టలో కాల్చారు. చెలమలోనే కూర్చుండిపోయాడు, స్నానానికి దిగినవాడిలా. పేగులు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి. వదిలేసి పోయిన లేగలు రెండు దాహం ఆగక అవే తాగుతున్నాయి. కర్ర తీసుకుని కొట్టాను. ఎంత కొట్టినా మళ్ళీ మూతి పెట్టాయి. ఒకదాని కాలు విరిగింది నా దెబ్బకు.

ఇంకా ముగ్గురు పోయారు. రాళ్ళు పేర్చాం. గుండ్లు చేయించుకున్నాం. నా గుండు మీద నేనే ఏదో జోక్ వేశాను, గుర్తులేదు.

మార్చి 5

పొద్దున ఎసెకోన్ విశ్వవిద్యాలయం గుడారాల దగ్గరే ఉన్నాడు. అవతలికి పోకుండా అన్న కోసం గుండు చేయించుకుని కూర్చున్నాడు. వెర్రిబాగులవాడు.

నబికి పరిగెత్తుకొచ్చి చెప్పింది, మొరాన్లు బయలుదేరారని. "గొడ్లన్నీ మలుపులో ఉంటాయని ఎవరికి తెలుసు? మా చిన్నాన్నకు, వాడి పక్కన నిలబడ్డ తుర్కానాకు," అన్నాడట సైదిము. నిజమే. ముందుగా ఇద్దరికే తెలుసు. కాకపోతే అరిచి చెప్పింది నేను. నా గొంతు అవతలి గట్టుకు వినబడదా? ఆ మాట సైదిముకి తట్టలేదు, నేను తట్టించలేదు.

బండిలో సింహాలకు ఎర వేసే గాడిద తొడ ఉంది, కుళ్ళి పురుగు పట్టింది. ఎసెకోన్‌ను దాని పక్కన పడుకోబెట్టి పైన పట్టా కప్పాను. ముంబువా స్టీరింగ్ పట్టుకుంది. నేను బండి వెనక ఎక్కి నిలబడ్డాను. చెట్ల దగ్గర అడ్డం వచ్చారు.

"వాడెక్కడ?"

"వాడెప్పుడో పోయాడు. ఇందులో ఉంది అత్త. సూదిమందు ఇచ్చాం. సగం మెలకువ, సగం నిద్ర."

"పట్టా తియ్యి."

"నువ్వే తియ్యరా. తీసి పొడువు. పడుకున్న సింహాన్ని పొడిచిన మగాడని ఆడపిల్లలు నీమీద పాట కడతారు."

ఒకడు వెనక్కి తగ్గాడు. సైదిము తగ్గలేదు. వాడి కళ్ళు వాళ్ళ నాన్నవే. బల్లెం మొన పట్టా మీద ఆనించి, నా మొహంలోకి చూస్తూ నెమ్మదిగా లోపలికి దించాడు. మొన దిగడం నాకు కాళ్ళ కింద తెలిసింది.

పట్టా కింద అత్త గర్జించింది.

అలాంటి గర్జన నేను అసలు అత్త నోట కూడా వినలేదు. మొరాన్లు కంచెలు దూకారు. ముంబువా బండిని ఉరికించింది.

వాగు దగ్గర పట్టా తీస్తే ఎసెకోన్ తొడలో ఇంత బెజ్జం. నా గుడ్డ చించి కట్టాను, క్షణంలో తడిసిపోయింది. మొహం బూడిదలా ఉంది.

"పకినె, గర్జన సరిగ్గా వచ్చిందా?"

"సింహంలా లేదు. అచ్చం మా అత్తగారిలా ఉంది."

నవ్వాడు. నవ్వితే నెత్తురు ఇంకా కారింది. కర్ర ఊతంగా వాగు దాటాడు. అవతలి గట్టెక్కి చెయ్యెత్తాడు. బతికాడు. నేను బతికించాను. ఇంతకంటే మంచి పరాచికం నా జన్మలో ఆడలేదు.

మార్చి 14

గుడారాలు పీకేశారు. ముంబువాను నైరోబీకి వెనక్కి పిలిచారు. తను రాసిన కాగితంలో మా ఇద్దర్నీ ‘ఆదర్శ జంట’ అని రాసిందట. ఆ కాగితం ఇప్పుడేం చేయాలో తెలియడం లేదంది. "నాకివ్వండి, చుట్ట చుట్టుకుంటాను," అన్నాను. ఏడ్చేసింది. గొట్టం నాకే ఇచ్చి పోయింది.

మార్చి 19

పట్టీ చప్పుడు ఒకేచోట నుంచి వస్తోంది. కదలడం లేదు. వెళ్ళి చూశాను. చచ్చిన దూడ మీద ఊదారంగు గుళికల మందు చల్లారు. దాని పక్కన అత్త, నోట నురగ, నాలుక కొరుక్కుని ఉంది. చుట్టూ రాబందులు, నక్కలు రెండు, తినవచ్చినవి వచ్చినట్టే పడి ఉన్నాయి. ఎవరు చల్లారో నేను అడగలేదు. దాని కడుపులో మూడు పిల్లలు.

ఒప్పందం చచ్చింది.

మా అసలు అత్తగారు కబురంపింది: "నా పేరు పెట్టుకున్నది పోయిందట కదా. నేనింకా ఉన్నానని అల్లుడితో చెప్పండి."

ఏప్రిల్ 2

పకినె ఫోన్ చేశాడు. తొడ మానుతోందట, కుంటు మాత్రం పోదట. మేక ఇప్పుడు వాడి వెనకే తిరుగుతోందట, పొడవడం లేదట. "కుంటివాణ్ణి చూసి జాలిపడింది," అన్నాడు. నేను నమ్మలేదు. దానికి జాలేమిటి.

ఏప్రిల్ 18

మొరాన్లు అవతలికి వెళ్ళాలనుకుంటున్నారు. దీవించమని మా ఈడువాళ్ళను అడిగారు. మేం వద్దంటే వెళ్ళలేరు. శపిస్తామంటే అసలు కదలలేరు.

పెద్దలు ఒక్కొక్కరే మాట్లాడారు. సగం మంది వెళ్ళమన్నారు. నా వంతు వచ్చింది. సైదిము నా ఎదురుగా కూర్చున్నాడు. గుండు మీద వెంట్రుకలు మొలుస్తున్నాయి.

"నేను శపిస్తే మీ బల్లేలు మెత్తబడతాయి, మరి ఆ తర్వాత పెళ్ళిళ్ళెలా చేసుకుంటార్రా?" అన్నాను.

అందరూ నవ్వారు. ముసలాళ్ళు మరీ నవ్వారు. ఆ నవ్వులోనే సభ లేచిపోయింది.

నేను దీవించలేదు. అడ్డు చెప్పలేదని కాదు. నా పద్ధతిలో చెప్పాను. తెలివున్నవాడికి అర్థం కావాలి.

ఏప్రిల్ 22

వచ్చారు. పాడుకుంటూ వచ్చారు. గొడ్లు, మేకలు దుమ్ములో కనిపించనంతగా ఉన్నాయి. ఒక కుర్రాడు రాలేదు, వాళ్ళమ్మ నేల మీద తల కొట్టుకుంటోంది, ఆ పక్కనే ఆడపిల్లలు పాడుతున్నారు. సైదిము చేతులకు మోచేతుల దాకా ఎండిన నెత్తురుంది, కడుక్కోలేదు.

మేకల్లో ఒకదాని ఎడమ చెవి చిరిగి ఉంది. చెవి చిరిగిన మేకలు లోకంలో చాలా ఉంటాయి.

పకినెకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. అక్కడ సిగ్నల్ ఉండదు.

ఏప్రిల్ 23

చాలా ఉంటాయి. సిగ్నల్ ఉండదు.

ఏప్రిల్ 24

దాని మెడలో పట్టీ ముక్క ఉంది. పట్టీ మీద అంకెలున్నాయి. నాకు అంకెలు అంత బాగా రావు.

మేకలు తప్పిపోతాయి కూడా. వాగు దాటి ఇటు వచ్చేసి ఉంటుంది. అదసలే తిరుగుబోతు.

ఏప్రిల్ 25

దొడ్డి కంచె కడుతుంటే వెనక నుంచి పొడిచింది. ముళ్ళ మీద పడ్డాను. నబికి ముళ్ళు తీస్తూ ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనొచ్చు కదా.

ఏప్రిల్ 27

ఇవాళ సైదిము మేకను తాడుతో పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వెనక మొరాన్లు, పల్లె సగం. చేతులు కడుక్కున్నాడు, కొత్త పూసలు వేసుకున్నాడు. వాడిలో వెక్కిరింత లేదు. వెక్కిరింతైతే నాకు బాగుండేది.

"నాన్న పోయాక నాకు తండ్రివి నువ్వే. ఈ మేక నీది, నీకే తెచ్చాను. చూడిది కూడా. ఇవాళ్టి నుంచి నిన్ను చిన్నాన్నా అని పిలవను," అని తాడు నా చేతిలో పెట్టాడు. "పకినె!"

జవాబుగా నేను అదే మాట అనాలి. అందరూ నా నోటివంక చూస్తున్నారు.

"వాడేమన్నాడు?" అని అడిగాను.

"ఎవరు?"

"నీకు తెలుసు."

"వాడా! కుంటుకుంటూ బయటికొచ్చాడు. ఆ కుంటు చూశాక వెలిగింది నాకు. ఆ రోజు బండిలో అరిచింది సింహం కాదు కదా? భలే ఆడించావ్!" వెనక ఉన్నవాళ్ళు తొడలు చరుచుకుని నవ్వారు. సైదిము కూడా నవ్వాడు, చిన్నప్పుడు నా భుజం మీద కూర్చుని నవ్వినట్టే. "గడ్డి పీకి పట్టుకున్నాడు. ‘నేను లెతిపిలా పకినెని’ అన్నాడు."

"అంటే?"

"అంటే ఏముంది, మాకు నవ్వాగలేదు. నువ్వే కదా చెప్పావ్, అదంతా ఉత్త పరాచికమని! ఆ మేక వాడి వెనకే నిలబడి ఉంది, వాడి గుడ్డ నములుతూ. ఇంకా నవ్వొచ్చింది. వాడు కూడా నవ్వాడు తెలుసా?"

"నవ్వాక?"

"నవ్వాక ఏముంది."

నేనేమీ అనలేదు. చాలాసేపు అనలేదు. ఎవడో నవ్వాడు. తర్వాత అందరూ అందుకున్నారు. లెతిపిలా మాట్లాడకపోవడమా! కొత్త పరాచికం అనుకున్నారు. పొట్టలు పట్టుకుని నవ్వుకుంటూ పోయారు. సైదిము మాత్రం వాకిట్లో కాసేపు నిలబడ్డాడు, జవాబు కోసం. తర్వాత వాడూ పోయాడు.

ఏప్రిల్ 30

ఫోన్ చేశాను. ఎత్తలేదు.

మే 1

వాన. రాత్రంతా కురిసి, తెల్లారేసరికి నేలంతా పచ్చగా లేచింది. మూడు నెలల క్రితమే లేచి ఉండొచ్చు కదా. చచ్చిన ఎద్దు నోట్లో వెతుక్కున్నాను.

మే 3

సాయంత్రం మొరాన్లు మాంసం కాల్చుకునే చోటికి వెళ్ళాను. నన్ను చూడగానే జరిగి చోటిచ్చారు, "రా, రా, చెప్పు" అంటూ. మొహాల మీద నవ్వు ముందే సిద్ధంగా ఉంది.

"సైదిమూ, మేక తీసుకోను. నీకు నేను పకినెను కాను," అన్నాను.

నవ్వారు.

ఇంకోసారి అన్నాను. వాళ్ళ జట్టుకు నిప్పు రాజేసిన నా నిప్పుకర్రను వాళ్ళ ముందే మోకాలికేసి విరిచి మంటలో పడేశాను. నవ్వు ఒక్కొక్కరి మొహం మీద నుంచీ దిగిపోయింది. సైదిము మొహం మీద నుంచి చివర దిగింది. వాడు పైకి లేచి బల్లెం అందుకున్నాడు. నన్ను పొడవాలనో, పారిపోవాలనో వాడికే తెలియలేదు. పెదవులు వణికాయి. వాళ్ళ నాన్న పెదవులు. బల్లెం నేలకేసి కొట్టి, మూర్ఛ వచ్చినట్టు విరుచుకుని వెనక్కి పడిపోయాడు. పక్కవాళ్ళు వాడి చేతులూ కాళ్ళూ పట్టుకున్నారు. నేను వెనక్కి తిరగకుండా వచ్చేశాను.

ఇంతవరకు శపించలేదు. విరిచాను, అంతే. శపించడానికి వాడు తప్ప నాకు కొడుకు లేడు.

మే 4

మేకను అవతలికి తోలుకెళుతున్నాను. అది వాళ్ళది. కడుపులోదీ వాళ్ళదే. నా వాటా నాకు అక్కర్లేదు.

"చంపేస్తారు," అంది నబికి.

"చూడి మేకను తోలుకొచ్చినవాణ్ణి ఎవరు చంపుతారే?"

"నవ్వించబోకు. నాకు నవ్వు రావడం లేదు."

తెల్లారి చూస్తే వాకిట్లో పాలబుర్ర ఉంది. నబికిది కాదు, పూసలు వేరు. మా అత్తగారిది. దారిలో తాగమని. పాతికేళ్ళలో ఆమె నాకు ఇచ్చిన మొదటి వస్తువు.

చేతినిండా గడ్డి పీక్కున్నాను. గడ్డి పనిచేయదని తెలుసు. అయినా పట్టుకెళుతున్నాను.

అవతలి గట్టెక్కగానే ఎవరు నువ్వు అని అడుగుతారు. చెప్పాల్సింది ఒక్క మాటే, వాడు గడ్డి పట్టుకుని చెప్పిన మాటే. మేకను ముందు నడిపించి, దానికి వీపు చూపకుండా నడుస్తూ చెప్పాలి. నిన్నటి నుంచి దొడ్లో ఒక్కణ్ణే నిలబడి ఆ మాట అని చూసుకుంటున్నాను, నవ్వకుండా.